కోట నుంచి కొండ దాకా: మౌంట్ రోడ్డు కట్టడాలు చెప్పే కథ

యూనిఫాం వేసుకున్న తెలుగువాడికి మద్రాసు కొత్త ఊరేమీ కాదు. ట్రైనింగుకో, హాస్పిటల్‌కో, లేదంటే బదిలీ మీద వెళ్తూ సెంట్రల్ స్టేషన్లో బండి మారడానికో మనలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊళ్ళో కాలు పెట్టినవాళ్ళమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది మన రాజధాని కూడా. 1996లో పేరు చెన్నై అయినా మా తరం నోటికి మద్రాసే అలవాటు. అణ్ణా సాలై అని బోర్డు ఉన్నా ఆటోవాడితో మౌంట్ రోడ్డు అనే అంటాం, వాడికీ అర్థమవుతుంది.

కొన్నేళ్ళ కిందట మా పెద్ద మనవరాలి పాసింగ్ ఔట్ పరేడ్ చూడటానికి ఇంటిల్లిపాదీ ఓ.టి.ఏ.కి వెళ్ళాం. పరేడ్ ముందురోజు నేను చిన్న మనవణ్ణి వెంటబెట్టుకొని కోట దగ్గర మొదలుపెట్టి మౌంట్ దాకా ఆ రోడ్డంతా చూపించాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డు మలుపులో ఎర్రగా, పొడుగ్గా, సగం కూలి, చెట్లు మొలిచిన ఒక పాత భవనం కనపడింది. వాడు ఆగి, "తాతయ్యా, దీన్ని కూలుస్తున్నారా, కడుతున్నారా?" అని అడిగాడు. మద్రాస్ సాపర్స్‌లో ముప్పై ఏళ్ళు ఇటుక, సున్నం, సిమెంటు మధ్య బతికినవాణ్ణి. అయినా టక్కున జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ఈ రోడ్డు సంగతి. దీని పొడవు సుమారు 15 కిలోమీటర్లు. ఒక కొసన సెయింట్ జార్జి కోట, రెండో కొసన సెయింట్ థామస్ మౌంట్, అంటే కొండ, దాన్ని ఆనుకొని కంటోన్మెంటు. కోట నుంచి కొండకు వెళ్ళే దారి కనక మౌంట్ రోడ్డు అయింది. మధ్యలో సైదాపేట దగ్గర అడయారు నదికి అడ్డంగా 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. దాన్నే మర్మలాంగ్ వంతెన అన్నారు. కొండ మీది చర్చికి మెట్లు కట్టించిందీ ఆయనే.

ఈ దారి మీద నడిచినంత సైన్యం దక్షిణాదిలో ఇంకే రోడ్డు మీదా నడిచి ఉండదేమో. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు కొండ దగ్గర పోరు జరిగింది. 1769లో హైదర్ అలీ మెరుపులా కొండ దాకా వచ్చేసి, కంపెనీవాళ్ళ చేత తనకు కావలసిన షరతుల మీద సంధి చేయించుకున్నాడు. తర్వాత మద్రాసు ఆర్టిలరీకి ఆ కొండే స్థావరం. 1962 చైనా యుద్ధం తర్వాత ఆఫీసర్ల కొరత తీర్చడానికి 1963లో అక్కడే ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ పెట్టారు. అదే 1988లో అకాడమీ అయింది. 1992 నుంచి ఆడపిల్లలకు కూడా అక్కడ శిక్షణ ఇస్తున్నారు. ఇక మనవాళ్ళ మాటకొస్తే, మద్రాసు నుంచి క్లైవ్ వెంట బెంగాలు వెళ్ళిన పటాలాల్లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండబట్టే ఉత్తరాదిన చాలాకాలం సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు.

రోడ్డు మొదట్లో, ఐలండ్ మైదానం దగ్గర గుర్రం మీద సర్ థామస్ మన్రో ఉంటాడు. 1780లో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. మా మద్రాస్ సాపర్స్‌కి మూలమైన పయనీరు కంపెనీలు పుట్టిందీ ఆ సంవత్సరమే. హైదర్ మీద యుద్ధాల్లో పోరాడాడు, దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా రాయలసీమలో ఊరూరా గుడారం వేసుకొని తిరిగాడు. గవర్నరుగా ఉంటూ 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. శిల్పి చాంట్రీ చేసిన ఆ విగ్రహంలో గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. మద్రాసులో దాని మీద ఎన్నో కథలు చెప్పుకుంటారు. దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ విగ్రహం చెక్కు చెదరలేదు. విగ్రహానికి మరమ్మతులు తక్కువ. భవనాల సంగతి అలా కాదు.

కూవం నది దాటగానే గవర్నమెంట్ ఎస్టేట్. శ్రీరంగపట్నం, ప్లాసీ విజయాల గుర్తుగా గోల్డింగ్‌హామ్ కట్టిన విందుల హాలు 1802లో తయారైంది. అదే ఇప్పటి రాజాజీ హాలు. 2016లో జయలలిత, 2018లో కరుణానిధి పార్థివ దేహాలను జనం చూసింది ఆ మెట్ల మీదే. కట్టిన ప్రభువులు పోయారు, వాళ్ళ విజయాలూ పోయాయి, హాలు మాత్రం మిగిలింది. ఎందుకంటే దానితో రాష్ట్రానికి పని ఉంది. అదే ఎస్టేటులో పక్కనున్న పాత గవర్నమెంట్ హౌసుకు ఆ అదృష్టం లేకపోయింది. కొత్త అసెంబ్లీ, సచివాలయం కోసం దాన్ని తీసేశారు. కొత్త భవనాన్ని 2010 మార్చి 13న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అప్పటికి పైన గుమ్మటం పూర్తి కాలేదు. ఆ రోజు కనపడిన గుమ్మటం మన తోట తరణి గారు వేసిన సినిమా తరహా సెట్టు! 2011లో ప్రభుత్వం మారింది. కొత్త సచివాలయం 2014లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అయింది. 2020 కరోనా రోజుల్లో ఎందరికో ప్రాణం పోసింది. పాతదాన్ని పడగొట్టి ఒక పనికి కడితే అది ఇంకో పనికి వచ్చింది. పడగొట్టిందైతే తిరిగి రాలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే పోస్టాఫీసు ఆవరణలో ఒక చిన్న కట్టడం. 1913లో వార్విక్ మేజర్ పెట్టిన ఎలక్ట్రిక్ థియేటర్, మద్రాసులో తొలి సినిమా హాళ్ళలో ఒకటి. రెండేళ్ళకే ఆట ఆగిపోయింది, తపాలా శాఖ కొనుక్కుంది. తర్వాత తపాలా బిళ్ళలు అమ్మే ఫిలాటలీ విభాగం అందులో నడిచింది. ఆ సంగతి తెలియనివాళ్ళు అది సినిమా హాలని ఊహించలేరు. కానీ గోడలు నిలబడ్డాయి.

ఈ చోటే మన రఘుపతి వెంకయ్య నాయుడు గారిని తలుచుకోవాలి. బందరు నుంచి మద్రాసు వచ్చి ఈ మౌంట్ రోడ్డులోనే ఫోటో స్టూడియో నడిపి, 1914లో ఇక్కడికి దగ్గర్లోనే గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. ఆయన్నే తెలుగు సినిమా పితామహుడంటున్నాం, 1980 నుంచి ఆయన పేరిట అవార్డూ ఇచ్చుకున్నాం. దాదాపు తొంభై ఏళ్ళు నడిచిన ఆ గెయిటీని ఈ శతాబ్దం మొదటి దశకంలో కూల్చేశారు. దొరగారు కట్టి రెండేళ్ళకే వదిలేసింది మిగిలింది, మనవాడు కట్టి తొంభై ఏళ్ళు నడిచింది పోయింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఒకదానికి వాడుకునే ఆఫీసు దొరికింది, ఇంకోదానికి దొరకలేదు, అంతే.

స్పెన్సర్స్ కథ పాతవాళ్ళకి గుర్తుంటుంది. 1890లలో పోగ్సన్ అనే ఆర్కిటెక్టు గీసిన ఎర్రటి ఇండో-సారసెనిక్ భవనం, పెద్ద అంగడి. 1980లలో అగ్నికి ఆహుతైంది. అదే చోట వచ్చిన స్పెన్సర్ ప్లాజా మన దేశంలో తొలి మాల్స్‌లో ఒకటి. దగ్గర్లోనే 1904లో కట్టిన హిగిన్‌బోథమ్స్ ఉంది. 1844లో మొదలైన ఆ సంస్థ మన దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పుస్తకాల షాపుల్లో అన్నిటికన్నా పాతది. ఎత్తైన కప్పు, రంగుటద్దాలు. లోపల పిల్లలు ఇప్పటికీ పుస్తకాలు తిరగేస్తుంటారు. ఆ భవనానికి కాపలా పెట్టింది చట్టం కాదు, పుస్తకాలు కొనేవాళ్ళు.

ఇక మా మనవడు ఆగిపోయిన భవనం. స్మిత్ అనే మందుల వ్యాపారి కోసం జె.హెచ్. స్టీఫెన్స్ 1897లో కట్టిన కార్డిల్ భవనం అది. 1934లో భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కొనడంతో భారత్ బిల్డింగ్ అయింది. 1956లో బీమా రంగం జాతీయమయ్యాక ఎల్.ఐ.సి. చేతికొచ్చింది. ఎల్.ఐ.సి. 1959లో ఇదే రోడ్డు మీద ప్రారంభించిన సొంత భవనం రెండేళ్ళ పాటు దేశంలోనే ఎత్తైనది. పాత భవనంలోంచి అద్దెవాళ్ళను ఖాళీ చేయించారు. 2006లో కూల్చడం మొదలైంది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ హైకోర్టుకి వెళ్ళింది, కూల్చివేత ఆగింది. 2010 ఏప్రిల్‌లో కోర్టు భవనాన్ని కాపాడాలని తీర్పిచ్చింది. నగరంలోని వారసత్వ కట్టడాల జాబితా పట్టుకొని వాటిని రక్షించే ఏర్పాటు చెయ్యమని కూడా చెప్పింది. ఆ తీర్పు ఈ ఒక్క భవనానికే కాదు, ఊళ్ళోని మిగతా పాత కట్టడాలకూ రక్ష అయింది. 2012లో శాసనసభ హెరిటేజ్ కమిషన్ చట్టం చేసింది, అది అమల్లోకి రావడానికి మాత్రం పదేళ్ళ పైనే పట్టింది.

తీర్పు వల్ల గునపం ఆగింది. కానీ వాన ఆగదు కదా? మనిషి లేని మిద్దెకి మొదటి శత్రువు రావి మొక్క. పిట్ట వేసిన గింజ గోడ సందులో మొలిచి, వేరు దిగి, నీళ్ళు లోపలికి తెస్తుంది. కాపురం ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని వేలెడున్నప్పుడే పీకేస్తారు. ఖాళీ ఇంట్లో పీకేవాడు లేడు.

ఈ రోడ్డుకి ఇంకో పరీక్ష మెట్రో రైలు రూపంలో వచ్చింది. భూమి కింద సొరంగం తవ్వుతుంటే 2017 ఏప్రిల్ 9న నడిరోడ్డు కుంగి, ఒక బస్సూ కారూ గుంటలో దిగబడ్డాయి. అదృష్టం, ఎవరి ప్రాణాలూ పోలేదు. 2019 ఫిబ్రవరి 10న మౌంట్ రోడ్డు కింద మిగిలిన భాగంలోనూ రైళ్ళు తిరగడం మొదలైంది. ఊరికి మెట్రో అవసరమే, నేను కాదనను. ఇప్పుడు ఎవరైనా గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్లో దిగి ఈ కట్టడాలన్నీ నడిచి చూడొచ్చు.

బాగుచెయ్యడం అసాధ్యమా అంటే కానే కాదు. మౌంట్ రోడ్డు నుంచి వాలాజా రోడ్డులోకి మళ్ళితే చేపాక్కం వస్తుంది. అక్కడ ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ 1768 ప్రాంతంలో కట్టించిన ప్యాలెస్ ఉంది. 2012 జనవరిలో దానిలోని కలస్ మహల్‌లో మంటలు లేచాయి. ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అందరూ ఇక కూల్చడమే అనుకున్నారు. కానీ ప్రజాపనుల శాఖ దాన్ని పాత పద్ధతిలోనే తిరిగి నిలబెట్టింది. తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి అక్కడ కొలువుదీరింది. పక్కనే ఉన్న హుమాయూన్ మహల్‌నీ ఆ తర్వాత బాగుచేశారు.

పాత పద్ధతి అంటే ఏమిటో మన సాపర్లకు, ఎం.ఇ.ఎస్. వాళ్ళకు కొంత తెలుసు. మద్రాస్ టెర్రేస్ అనే మిద్దెలో టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా, నిలువుగా పేర్చి గానుగ సున్నంతో బిగిస్తారు. పైన ఇటుక ముక్కల గచ్చు వేసి రోజుల తరబడి చెక్కలతో కొడతారు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. సున్నపు గోడ గాలి పీలుస్తుంది, తడి పట్టినా ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి గోడ కుళ్ళుతుంది. సర్వీసులో ఉండగా ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి బారక్కుకి నేనే సిమెంటు పూత వేయించాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి పెచ్చులుగా ఊడొచ్చింది. ఆ తప్పు నాదే, మేస్త్రీది కాదు. మా పాత మేస్త్రీ "సాబ్, సున్నం" అన్నాడు, నేను వినలేదు.

మౌంట్ రోడ్డు నేర్పేది ఇంతే: కట్టడాన్ని కాపాడేది అభిమానం కాదు, వాడకం. వాడకంతోపాటు ఏటేటా చేసే చిన్న మరమ్మతు. కోర్టు తీర్పు కొంత సమయం ఇస్తుంది, ప్రాణం పొయ్యలేదు. ఫౌజులో ఇది మనకి కొత్త పాఠం కాదు. ఏ బ్యారక్కునైనా హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్ లేకుండా ఒక్కరోజు వదలం. తాళంచెవి ఎవరి దగ్గరుందో లెడ్జరులో రాసి ఉంటుంది. ఊళ్ళో పాత భవనాలకు లేనిది ఆ లెడ్జరే.

సికింద్రాబాదు నుంచి వెల్లింగ్టన్ దాకా మన కంటోన్మెంట్లలో మెస్‌లు, చర్చిలు, గడియారపు స్తంభాలు, గుర్రపుశాలలు ఎన్నో ఉన్నాయి. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి నా మనవి ఒక్కటే. మీ యూనిట్లో ఏ పాత కట్టడమైనా 'పనికిరాదు' అని కాగితం మీదకి ఎక్కేముందు, దానికి ఇంకో పని ఏదైనా దొరుకుతుందేమో చూడండి. లైబ్రరీ అవ్వొచ్చు, మ్యూజియం అవ్వొచ్చు, స్టోరు అయినా సరే. రిటైరైన వాళ్ళు తమ ఊళ్ళో పాత సత్రమో, బడో ఉంటే ఆ రావి మొక్క పీకించండి.

మర్నాడు పరేడ్ అయ్యాక మనవరాలు భుజాన నక్షత్రాలతో బయటికొచ్చింది. తిరుగు దారిలో మళ్ళీ ఆ ఎర్ర భవనం ముందు నుంచే వచ్చాం. మనవడికి అప్పుడు చెప్పాను: "కూలుస్తున్నారూ లేదు, కడుతున్నారూ లేదురా. తాళంచెవి ఎవరు తీసుకుంటారా అని అది ఎదురుచూస్తోంది." వాడు కాసేపు అటే చూసి, "మరి మొక్కలు పీకడానికి తాళం ఎందుకు?" అన్నాడు. దానికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.