ముందు ఎక్కినవాళ్ల మాట

పచ్చ కళ్లద్దాలు, గొడుగు, ముఖానికి పల్చటి ముసుగు, గుర్రపు జీను, చేతిలో ఇమిడే వాయిద్యం ఏదైనా ఒకటి, బైబిలు, రెండు మూడు యాత్రాగ్రంథాలు. 1867లో న్యూయార్క్ నుంచి క్వేకర్ సిటీ అనే ఆవిరి ఓడలో మధ్యధరా సముద్రం చూడబోయేవాళ్లు వెంట తెచ్చుకోవాల్సిన సామాన్లివి. ముసుగు ఈజిప్టు కోసం, జీను సిరియాలో స్వారీ కోసం, వాయిద్యం ఓడలో పొద్దుపోవడం కోసం. టికెట్టు 1,250 డాలర్లు. ప్రయాణికుల్లో శామ్యూల్ క్లెమెన్స్ అనే 31 ఏళ్ల విలేకరి ఉన్నాడు. అతని టికెట్టు డబ్బు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి కట్టింది. మార్క్ ట్వెయిన్ అన్న కలం పేరుతో అతను ఆ యాత్ర మీద రాసిన 'ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్' 1869లో పుస్తకంగా వచ్చి, విపరీతంగా అమ్ముడుపోయింది.

జూన్ 8న ఆర్భాటంగా రేవు వదిలిన ఆ ఓడ, ఆ రోజు సముద్రంలోకి పోనేలేదు. బయట అలలు ఉధృతంగా ఉన్నాయని రేవు ముఖద్వారం దగ్గరే లంగరేసి రెండు రోజులు ఆగిపోయింది.

ఇప్పుడు క్రూయిజ్‌కు వెళ్లేవాళ్ల సంచిలో జీను ఉండదు. అయస్కాంతం కొక్కేలు ఉంటాయి. ఓడ గది గోడలు ఇనుపరేకువి కాబట్టి తడి బట్టలు, టోపీలు వాటికి తగిలించుకోవచ్చు. ఈ సంగతి కంపెనీవాళ్లు చెప్పరు, ముందు వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్తే ఓడెక్కేటప్పుడే లాగేసుకుంటారని, విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు కాబట్టి ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోవాలని చెప్పేది కూడా వాళ్లే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, ఏ ఊళ్లో ఏ సరుకులు దొరుకుతాయో, ఏ దారి ఎలా ఉంటుందో వెనక వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టాడు. ఓడ యాత్రికుల ముచ్చట్లూ ఆ కోవలోనివే. విడివిడిగా వింటే చిల్లర చిట్కాల్లా ఉంటాయిగానీ, ఒక్కోదాన్ని గిల్లి చూస్తే కింద ఒక ప్రమాదమో, ఒక చట్టమో, ఒకాయన దివాలా తీసిన కథో బయటపడుతుంది.

అసలు విహారానికి ఓడెక్కడం అన్న ఆలోచనే ఖాళీ గదుల్లోంచి పుట్టింది. 1844లో పీ అండ్ ఓ కంపెనీ తన టపా ఓడల్లో మధ్యధరా యాత్రలు అమ్మడం మొదలుపెట్టి, ప్రచారం కోసం రచయిత థాకరేకు ఉచితంగా టికెట్టు ఇచ్చింది. ఆయన వెళ్లొచ్చి, 1846లో ఓ పుస్తకం వేశాడు. అందులో పిరమిడ్లూ ఉన్నాయి, ఓడలో కడుపు తిప్పడమూ ఉంది. ఊరికే తిప్పి చూపించి రాయించుకునే పద్ధతి ఇప్పటి యూట్యూబర్లతో మొదలైందేమీ కాదు.

ఆ తర్వాతి పెద్ద అడుగు జర్మనీది. హాంబుర్గ్ అమెరికా లైన్‌లో ప్రయాణికుల విభాగాన్ని నడిపే ఆల్బర్ట్ బాలిన్‌కు ఒక తలనొప్పి ఉండేది. చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం ఉండరు, కోట్లు పోసి కట్టిన ఓడలు రేవులో కట్టేసి ఉంటాయి. ఊరికే ఉంచేకంటే ఎండ ఉన్నచోటికి తిప్పితే పోలా అనుకున్నాడు. 1891 జనవరి 22న ఆగస్టా విక్టోరియా ఓడ 241 మందితో కుక్స్‌హాఫెన్ నుంచి మధ్యధరా వైపు బయలుదేరింది. బాలిన్ తనూ ఎక్కాడు. మహారాణి పేరు పెట్టిన ఆ ఓడ మీద ఆవిడ పేరే తప్పు రాశారని తర్వాత తేలి, 'ఆగస్టె' అని దిద్దారు. ఆ యాత్ర హిట్టయ్యాక, విహారానికని ప్రత్యేకంగా 120 గదులతో ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిసె అనే ఓడ కట్టించాడు. అది 1906 డిసెంబరులో జమైకా తీరాన రాళ్ల మీదికెక్కి పాడైంది. ప్రయాణికులంతా క్షేమంగా దిగారు. కెప్టెన్ మాత్రం తన గదిలోకి వెళ్లి తుపాకితో కాల్చుకున్నాడు.

మొదటిసారి వెళ్లేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఏ గది తీసుకోవాలని. అనుభవమున్నవాళ్లంతా ఒకే మాట అంటారు: ఓడ నడిమధ్యన, వీలైనంత కింది అంతస్తులో. ఉయ్యాల బల్ల మీద చివరన కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చున్నవాడికీ ఉన్న తేడాయే ఇది. ఊపంతా కొసలది.

ఈ ఊపు మీద పంతం పట్టినవాడు హెన్రీ బెస్సెమర్. చవగ్గా ఉక్కు తయారుచేసే పద్ధతి కనిపెట్టి కోటీశ్వరుడైన ఇంగ్లిష్ ఇంజనీరు. 1868లో ఇంగ్లిష్ చానెల్ దాటుతూ వాంతులతో చచ్చి బతికాడు. ఓడ ఊగినా మనిషి ఊగకూడదని తీర్మానించుకుని, ఓడ లోపల ఊయలలా వేలాడే హాలు ఒకటి రూపొందించాడు. 70 అడుగుల పొడవు, చెక్కిన ఓక్ కలప, పూతపూసిన పలకలు. ఒక మనిషి నీటిమట్టం చూస్తూ హైడ్రాలిక్ మీటలు తిప్పుతుంటే, బయట ఓడ ఎటు ఒరిగినా లోపల నేల సమంగా ఉండాలి. 1875లో ఎస్ఎస్ బెస్సెమర్ డోవర్ నుంచి కలే రేవుకు వెళ్లింది. మొదటి పరీక్షలోనే రేవు కట్టను గుద్ది తెడ్డు చక్రం పాడుచేసుకుంది. మేలో జనంతో వెళ్లినప్పుడు ఊయల హాలును కదలకుండా బిగించేశారు. అయినా ఓడ చుక్కాని మాట వినక మళ్లీ కలే కట్టనే గుద్ది, కొంత కూలగొట్టింది. కంపెనీ మునిగింది. ఓడను రూపొందించిన ఎడ్వర్డ్ రీడ్ ఆ హాలును ఊడదీయించి కెంట్‌లోని తన ఇంటికి పట్టుకుపోయాడు. నేల మీద మాత్రం అది బ్రహ్మాండంగా నిలబడింది.

అసలు విరుగుడు ఓడ లోపల దొరకలేదు, కింద నీళ్లలో దొరికింది. పొట్టకు ఇరుపక్కలా చేప రెక్కల్లాంటి పలకలు పెట్టి, అల వచ్చినప్పుడల్లా వాటిని వాల్చుతూ ఒరుగుడును చంపడం. 1930ల్లో చిన్న ఓడల మీద ఈ పద్ధతి వచ్చింది. 1950లో పీ అండ్ ఓ వారి చూసాన్ దాన్ని పెద్ద ప్రయాణికుల ఓడలకు తెచ్చింది. మందు సంగతి ఇంకో విచిత్రం. 1947లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు ఒక మహిళకు దద్దుర్లకని కొత్త మాత్ర ఇస్తే, ట్రామ్ ఎక్కినప్పుడల్లా వచ్చే వికారం కూడా పోయిందని ఆమె వచ్చి చెప్పింది. మరుసటి ఏడు నవంబరులో జనరల్ బల్లూ అనే సైనిక ఓడలో, తుపాను అట్లాంటిక్ మీద, 1,300కు పైగా సైనికులతో ఆ మాత్రను పరీక్షించారు. అదే డ్రామమైన్. ఇప్పటికీ ఓడెక్కేవాళ్ల సంచుల్లో అది ఉంటుంది. పక్కన ఎండు అల్లం, పుల్లటి పచ్చ యాపిల్ ఉంటాయి. ఈ రెండూ నావికుల సలహాలు.

గది ఏ పక్కన ఉండాలన్నదీ పాత చర్చే. ఇంగ్లండ్ నుంచి ఇండియా వచ్చేటప్పుడు ఎడమ పక్క, తిరుగు ప్రయాణంలో కుడి పక్క గది ఉంటే ఎర్రసముద్రం ఎండ తక్కువ తగులుతుందని, డబ్బున్న దొరల టికెట్ల మీద ఆ నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కొట్టేవారని, 'పాష్' అన్న మాట అలా పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అలా ముద్రవేసిన టికెట్టు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. భాషావేత్తలెవరూ ఆ కథను నమ్మరు. ఓడ ముచ్చట్లలో మాత్రం చావదు.

మరి ఆ ఎండ దొరలకేనా? అదే కాలంలో బంగాళాఖాతం మీద తెలుగువాళ్లు గుంపులు గుంపులుగా ఓడలెక్కారు, విహారానికి కాదు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు బర్మాకు కూలీలను మోసేవి. కొరింగ రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను 'కొరంగీలు' అన్నారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్ పేరు రంగం. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. స్టీమరు ఎక్కడో మైళ్ల దూరాన లంగరేసి ఉంటే, పడవల్లో వెళ్లి ఎక్కాలి. డెక్ టికెట్టువాడికి గది ఉండదు, చాప పరిచినంత మేరే అతని గది. ముందు వెళ్లొచ్చినవాడి సలహా విలువ అక్కడ ఇంకా ఎక్కువే అయివుంటుంది. దాన్ని పుస్తకంగా అచ్చేసినవాళ్లు మాత్రం ఉన్నారో లేదో తెలియదు.

చోటు పట్టుకునే గొడవ మొదటి తరగతిలోనూ లేకపోలేదు. పాత అట్లాంటిక్ ఓడల్లో డెక్ మీద వాలుకుర్చీ అద్దెకు తీసుకోవాలి, దానితోపాటు ఉన్ని కంబళి. కుర్చీకి మీ పేరు రాసిన చీటీ తగిలిస్తే, రేవు చేరేదాకా అది మీదే. విహార ఓడల్లో కుర్చీలు ఉచితమయ్యాయి, చీటీ పోయింది, తగాదా వచ్చింది. పొద్దున్నే ఆరింటికి లేచి, ఈతకొలను పక్కన నాలుగు కుర్చీల మీద తువాళ్లు పరిచి, ఒకదాని మీద చెప్పు, ఒకదాని మీద నవల పెట్టి, మళ్లీ వెళ్లి పడుకునేవాళ్లున్నారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టిన మనకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, కొన్ని ఓడల్లో సిబ్బంది వచ్చి తువాలు మీద టైము రాసిన చీటీ అంటిస్తారు. 40 నిమిషాలు దాటినా మనిషి రాకపోతే సామాను ఎత్తి పక్కన పెడతారు. కండక్టర్లకు ఈ అధికారం ఎన్నడూ లేకపోయింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఓడ పనివాళ్ల జీతాల చరిత్రకు అచ్చంగా సరిపోతుంది. పాత రోజుల్లో ప్రయాణం ఆఖరి రోజున గది చూసినవాడికి, బల్ల దగ్గర వడ్డించినవాడికి కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం మర్యాద. ఎంతివ్వాలో తెలియక సతమతమయ్యేవాళ్లు కొందరు, సరిగ్గా ఆ రాత్రి భోజనానికి రాకుండా మాయమయ్యేవాళ్లు కొందరు. ఆ మాయం కావడాన్ని అరికట్టడానికి ఇప్పుడు చాలా కంపెనీలు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లదాకా బిల్లులోనే కలిపేస్తున్నాయి. టికెట్టు చవకని మురిసిపోయి, ఈ లెక్క చూసుకోక ఆఖరి రోజు గుండెలు బాదుకునే కుటుంబాలు ఉన్నాయి. నలుగురికి వారం రోజులంటే అయిదు వందల డాలర్ల మాట.

ఎక్కగానే జరిగే రక్షణ కసరత్తును విసుక్కునేవాళ్లు ఎక్కువ. టైటానిక్‌లో 20 లైఫ్‌బోట్లు, వాటిలో 1,178 మందికి చోటు, ఓడలో దాదాపు 2,200 మంది. ప్రయాణికులకు కసరత్తు జరగనే లేదు. సముద్ర రక్షణ మీద మొదటి అంతర్జాతీయ ఒప్పందం 1914లో వచ్చింది అందుకే. అయినా చాలాకాలం, ఎక్కిన 24 గంటల్లో ఎప్పుడైనా కసరత్తు చేయించవచ్చన్న వెసులుబాటు మిగిలింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకోర్డియా రాయిని గుద్ది ఒరిగిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి ఇంకా కసరత్తు జరగలేదు. 32 మంది పోయారు. 2015 నుంచి నియమం మారింది. ఓడ కదిలేలోపు, లేదా కదిలిన వెంటనే, కసరత్తు అయిపోవాలి.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. పదేళ్లలో పెద్ద ఓడల్లో చాలావాటికి పని లేకుండా పోయింది. బాలిన్‌కు చలికాలం వచ్చిన కష్టం ఇప్పుడు ఏడాదంతా వచ్చింది. జవాబు మయామీలో దొరికింది. 1966 డిసెంబరులో నార్వే ఓడల యజమాని క్నూట్ క్లోస్టర్, వ్యాపారి టెడ్ అరిసన్ కలిసి సన్‌వార్డ్ అనే ఓడను మయామీ నుంచి బహామాస్‌లోని నసావుకు నడిపారు. మూడు నాలుగు రాత్రుల సరదా ప్రయాణం. తర్వాత ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయారు. అరిసన్ 1972లో కార్నివాల్ పేరుతో మరో కంపెనీ పెట్టి, మార్డీ గ్రా అనే పాత ఓడను తొలి యాత్రకు పంపాడు. ఓడనిండా ట్రావెల్ ఏజెంట్లు. మయామీ రేవు దాటుతూనే అది ఇసుకమేటలో కూరుకుపోయింది. క్వేకర్ సిటీకి పట్టిన శకునమే. 1977లో పసిఫిక్ ప్రిన్సెస్ ఓడ మీద 'ది లవ్ బోట్' టీవీ ధారావాహిక మొదలయ్యాక ఇక ప్రచారానికి వేరే ఖర్చు అవసరం లేకపోయింది.

అమెరికా రేవుల్లోంచి వెళ్లేవాళ్ల మరో ఫిర్యాదు వినాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడ, ఆఖర్లో రాత్రిపూట కెనడాలోని విక్టోరియాలో నాలుగు గంటలు ఎందుకు ఆగుతుంది? అంగళ్లు మూసేసిన వేళ అక్కడ చూసేదేముంది? కారణం 1886 నాటి చట్టం. ఓడలన్నీ దాదాపు విదేశీ జెండాలవి. అవి అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, నడుమ ఓ పరదేశం తగలాలి. మధ్యలో ఏదో అమెరికా ఊళ్లో దిగిపోతామన్నా కుదరదు, జరిమానా పడుతుంది.

సన్‌వార్డ్ వేసిన మయామీ, బహామాస్ దారి కోసమే 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే ఓడను కట్టారు. మూడు నాలుగు రాత్రుల యాత్రలకు సరిపడే కొలతలు. పేర్లు మార్చుకుంటూ, చేతులు మారుతూ అది చివరికి ఇండియాకు వచ్చింది. కార్డీలియా కంపెనీ జెండాతో 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నం రేవుకు చేరింది. 2023 సెప్టెంబరులో అక్కడ ఇలాంటి ఓడల కోసమే టెర్మినల్ కూడా తెరిచారు. ఫ్లోరిడా యాత్రల కోసం కట్టిన ఆ ఓడలో ఇప్పుడు జైన భోజనం వండుతున్నారు. రంగం స్టీమరు ఎక్కడానికి పడవలు వెతుక్కున్న తీరంలో ఓడ గట్టుకు ఆనుకునే నిలబడుతోంది. నడిమి గది దొరుకుతుందా అని మాత్రం ముందు వెళ్లొచ్చినవాళ్లనే అడగాలి.