మిషిగన్, 1969: నిలిచినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు

1968 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ జట్టుకు బో షెంబెక్లర్‌ను కోచ్‌గా తీసుకుంది. ఆయనకప్పుడు 39 ఏళ్లు. జీతం ఏడాదికి 21,000 డాలర్లు. ఒహాయో రాష్ట్రంలో మయామీ అనే చిన్న విశ్వవిద్యాలయం జట్టును ఆరు సీజన్లు నడిపి 40 మ్యాచ్‌లు గెలిపించినా, మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్ పట్టణంలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. చేతికొచ్చిన జట్టు మాత్రం తక్కువది కాదు. ఆ ఏడాదే పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచింది. అంత మంచి జట్టును కొత్త కోచ్ నెలల తరబడి నలగ్గొట్టడం, ఎంతోమంది ఆట మానుకుని వెళ్లిపోవడం, మిగిలినవాళ్లు దేశంలోకెల్లా బలమైన జట్టును ఓడించడం అమెరికా కాలేజీ క్రీడల్లో తరచూ చెప్పుకునే కథ. క్రమశిక్షణ గొప్పతనానికి ఇప్పటికీ దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. కథలో అబద్ధం లేదు గానీ, గెలుపు వెలుగులో పక్కకు తప్పుకున్న విషయాలు చాలానే ఉన్నాయి.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో ఆడే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు మెత్తలు కట్టుకుని పదకొండుమంది చొప్పున ఢీకొంటారు. కోలగా ఉండే బంతిని పట్టుకుని పరుగెత్తో, విసిరో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తీసుకుపోవాలి. ప్రతి ప్రయత్నానికీ ముందే వేసుకున్న పథకం ఉంటుంది. అందులో ఒక్కడు అడుగు తప్పితే మిగతా పదిమంది శ్రమ వృథా. దెబ్బలకు ఓర్చుకోవడం, చెప్పింది చెప్పినట్టు చేయడం ఈ ఆటకు పునాదులు కాబట్టి కోచ్ మాట శాసనమైంది.

ఆ మాటకు ఇంకో బలం కూడా ఉంది. ఆటగాడి చదువు స్కాలర్‌షిప్ మీద నడిచేది. వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఏడాదిపాటు మ్యాచ్‌లు ఆడనిచ్చేవారు కాదు. అంటే నచ్చని కోచ్‌ను వదిలి వెళ్లాలంటే, కాలేజీలో ఆడగలిగే కొద్ది సంవత్సరాల్లోంచే ఒకటి వదులుకోవాలి. కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ 1973లో స్కాలర్‌షిప్‌లను ఏటేటా పొడిగించే పద్ధతిలోకి మార్చడంతో కోచ్ పట్టు మరింత బిగిసింది.

కొత్తగా వచ్చిన కోచ్ జట్టును ముందు చితక్కొట్టి తర్వాత కూర్చడం షెంబెక్లర్ కనిపెట్టిన పద్ధతి కాదు. 1954లో టెక్సస్ ఎ అండ్ ఎం కళాశాలకు కోచ్‌గా వెళ్లిన పాల్ బ్రయంట్, అందరూ ‘బేర్’ బ్రయంట్ అని పిలిచే ఆయన, సెప్టెంబరులో ఆటగాళ్లను జంక్షన్ అనే కరువు ప్రాంతపు ఊరికి తీసుకుపోయి పది రోజులు శిబిరం పెట్టాడు. 38 డిగ్రీలు దాటిన ఎండలో, సాధన మధ్య నీళ్లు తాగనివ్వకుండా ఆడించాడు. రాత్రికి రాత్రే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు ఎందరో. రెండు బస్సుల్లో వెళ్లి ఒక బస్సులో తిరిగొచ్చామని అక్కడ నిలిచిన జీన్ స్టాలింగ్స్ తర్వాత చెప్పేవాడు. ఆ సీజన్‌లో జట్టు పదింట ఒక్కటే గెలిచింది. 1956లో ఒక్కటీ ఓడకుండా తమ లీగ్ టైటిల్ సాధించింది. జంక్షన్ ఎండే ఆ విజయాన్ని పండించిందని కథ. అయితే ఆ జట్టులో పెద్ద పేరు తెచ్చుకున్న జాన్ డేవిడ్ క్రో 1954లో మొదటి ఏడాది విద్యార్థి. అప్పటి నిబంధనల ప్రకారం ప్రధాన జట్టులో ఆడే అర్హత లేక జంక్షన్‌కు వెళ్లనే లేదు.

షెంబెక్లర్ మాత్రం వుడీ హేస్ అనే కోచ్‌కు శిష్యుడు. మయామీలో విద్యార్థిగా హేస్ కోచింగ్‌లో ఆడాడు. హేస్ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి మారాక అక్కడ 1958 నుంచి 1962 దాకా సహాయకుడిగా పనిచేశాడు. హేస్ ఆటలో సొగసు వెతకనక్కర్లేదు. బంతి పట్టుకుని నేరుగా గుద్దుకుంటూ పోవడం, తప్పు చేసినవాడిని అందరి ముందూ దులిపేయడం, ఒకే ఎత్తును నిద్రలోనైనా తప్పకుండా వేసేదాకా వందలసార్లు చేయించడం ఆయన పద్ధతి. శిష్యుడు కోపంతో సహా అన్నీ నేర్చుకున్నాడు.

మిషిగన్‌లో అంతకుముందున్న కోచ్ బంప్ ఇలియట్ స్వభావం ఇందుకు పూర్తిగా వేరు. మెత్తని మనిషని పేరు. ఆటగాళ్లకు ఆయనంటే ప్రేమ. 1964 సీజన్‌లో జట్టును, సీజన్ ముగిశాక మేటి జట్ల మధ్య జరిగే రోజ్ బౌల్ మ్యాచ్ దాకా తీసుకెళ్లి గెలిపించాడు. ఆటగాళ్లను ఎంచి తేవడంలో దిట్ట. 1968 కెప్టెన్ రాన్ జాన్సన్ ఒక్క మ్యాచ్‌లో 347 గజాలు పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పాడు. జాన్సన్ వెళ్లిపోయినా జిమ్ మాండిచ్, డాన్ డియర్‌డార్ఫ్, టామ్ కర్టిస్, బ్యారీ పియర్సన్, డాన్ మూర్‌హెడ్ వంటివాళ్లు మిగిలారు. వీళ్లంతా ఇలియట్ తెచ్చినవాళ్లే. ఆయన ఆఖరి సీజన్ చివరి మ్యాచ్‌లో మాత్రం ఒహాయో స్టేట్ 50–14తో మిషిగన్‌ను చిత్తు చేసింది. ఫలితం ఎప్పుడో తేలిపోయాక కూడా హేస్ చివరి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి సాధించే స్కోరు) తర్వాత అదనంగా వచ్చే ఒక పాయింటుతో సరిపెట్టుకోకుండా రెండు పాయింట్ల కోసం ప్రయత్నించాడు. యాన్ ఆర్బర్ ఆ అవమానాన్ని మరిచిపోలేదు. అథ్లెటిక్ డైరెక్టర్‌గా కొత్తగా వచ్చిన డాన్ కానమ్ ఇలియట్‌ను పరిపాలన పదవిలోకి మార్చి, హేస్ శిష్యుణ్నే హేస్ మీదికి తెచ్చాడు.

షెంబెక్లర్ మయామీ నుంచి తన సహాయకులను వెంటబెట్టుకుని వచ్చాడు. 1969 చలికాలమంతా యోస్ట్ ఫీల్డ్ హౌస్‌లో పరుగులు, కుస్తీలు, బరువులు. వసంతంలో బంతి సాధన మొదలయ్యాక రోజూ నిజం మ్యాచ్‌లాగే గుద్దుకోవాలి. బరువెక్కినవాడు తగ్గాలి. సమావేశానికి వేళకంటే ముందే ఉండాలి. జుట్టు కత్తిరించుకోవాలి. స్టార్ ఆటగాడికీ, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చేరిన కుర్రాడికీ ఒకే కొలత. ఆ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లిన డియర్‌డార్ఫ్‌కు తొలి పరిచయంలోనే లావయ్యావని చీవాట్లు పడ్డాయి. ఆ సంగతి అతనే నవ్వుతూ ఎన్నోసార్లు చెప్పాడు.

అది ఏ కాలమో, ఏ ఊరో కూడా చూడాలి. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అధ్యాపకులు రాత్రంతా తరగతులు నడిపే ఉద్యమం 1965లో మొదలైంది ఈ యాన్ ఆర్బర్‌లోనే. 1969 నాటికి ఆ క్యాంపస్‌లో పొడుగు జుట్టు, ధర్నా, పెద్దల మాట మీద అనుమానం మామూలు విషయాలు. తరగతిలో ప్రతిదాన్నీ ప్రశ్నించమని నేర్చుకునే కుర్రాళ్లు మధ్యాహ్నం మైదానానికి వచ్చి నోరెత్తకూడదు. చాలామంది తట్టుకోలేక మానుకున్నారు. ఎంతమందన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది గానీ డజన్ల లెక్కన్నది నిజం. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది స్కాలర్‌షిప్ లేనివాళ్లు. పోగొట్టుకునేది తక్కువ కాబట్టి వాళ్లకు తలుపు దగ్గర.

జట్టు కరిగిపోతున్న సమయంలోనే షెంబెక్లర్ లాకర్ గదిలో ఒక బోర్డు పెట్టించాడు. నిలిచినవాళ్లే విజేతలవుతారని దాని సారాంశం. మానుకుని వెళ్లిపోతున్న ఒక కుర్రాడు దాని కింద, వెళ్లినవాళ్లు డాక్టర్లూ లాయర్లూ అవుతారని రాసిపోయాడట. బోర్డులోని మాట మిషిగన్ నినాదమై ఇప్పటికీ గోడల మీద ఉంది. కింది మాట సరదా ముచ్చటగా మిగిలింది. నిజానికి రెండింటిలో రెండోదే తేలిగ్గా రుజువు చేయగలిగేది.

సీజన్ మొదటి సగం అంత సాఫీగా సాగలేదు. అక్టోబరు మొదట్లో మిస్సోరి 40–17తో ఓడించింది. రెండు వారాలకు సొంత రాష్ట్రపు ప్రత్యర్థి మిషిగన్ స్టేట్ చేతిలో 23–12తో ఓటమి. అక్కడినుంచి జట్టు తీరు మారింది. నవంబరులో ఇలినాయ్ మీద 57–0, అయోవా మీద 51–6. ఇక మిగిలింది ఒహాయో స్టేట్. హేస్ జట్టు వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి దేశంలో నంబర్ వన్‌గా ఉంది. పందేల లెక్కల్లో మిషిగన్ 17 పాయింట్ల తేడాతో ఓడిపోవాలి. ఆ వారమంతా సాధనలో ప్రత్యర్థి పాత్ర వేసేవాళ్ల జెర్సీల మీద 50 అన్న అంకె వేయించాడు షెంబెక్లర్. ఏ 50 అన్నది ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నవంబరు 22న యాన్ ఆర్బర్ స్టేడియంలో 1,03,588 మంది చూస్తుండగా మిషిగన్ 24–12తో గెలిచింది. స్కోరంతా మొదటి సగంలోనే అయిపోయింది. రెండో సగంలో ఎవరికీ ఒక్క పాయింటు రాలేదు. ఒహాయో స్టేట్ విసిరిన బంతుల్లో ఆరింటిని మిషిగన్ డిఫెన్స్ గాలిలోనే పట్టేసింది. వాటిలో మూడు పియర్సన్‌వి, రెండు కర్టిస్‌వి. పియర్సన్ ఇంకోసారి ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని 60 గజాలు మోసుకుపోయాడు. హేస్ ఏ ఎత్తు ఎప్పుడు వేస్తాడో ఆయన దగ్గరే పనిచేసిన శిష్యుడికి తెలియడం కఠిన సాధన ఎంత పనిచేసిందో అంతా పనిచేసింది. మ్యాచ్ ముగిశాక లాకర్ గదిలో గెలుపు బంతిని జట్టు బంప్ ఇలియట్‌కు ఇచ్చింది. గెలిచినవాళ్లు ఎవరు తెచ్చినవాళ్లో ఆటగాళ్లకు తెలుసు.

కొత్త ఏడాది రోజున రోజ్ బౌల్ మ్యాచ్. ముందు రోజు రాత్రి షెంబెక్లర్‌కు గుండెపోటు వచ్చింది. సహాయకుడు జిమ్ యంగ్ నడిపిన జట్టు సదరన్ కాలిఫోర్నియా చేతిలో 10–3తో ఓడింది.

సరిగ్గా అదే శరత్కాలంలో, ఇదే మందు వయోమింగ్ విశ్వవిద్యాలయంలో వికటించింది. కోచ్ లాయిడ్ ఈటన్ కూడా కఠినుడే. ఆయన జట్టు వరసగా మూడేళ్లు లీగ్ టైటిల్ గెలిచి, 1969లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ నెగ్గింది. అక్టోబరు 17న, బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంతో మ్యాచ్‌కు ముందు రోజు, 14 మంది నల్లజాతి ఆటగాళ్లు నల్ల పట్టీలు కట్టుకుని ఆయన్ను కలవడానికి వచ్చారు. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపే మోర్మన్ చర్చి అప్పట్లో నల్లవారికి పౌరోహిత్యం ఇచ్చేది కాదు. దానికి నిరసన ఎలా తెలపాలో మాట్లాడాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆటగాళ్లు నిరసనల్లో పాల్గొనకూడదన్నది ఈటన్ నియమం. మాట పూర్తిగా వినకుండానే 14 మందినీ జట్టులోంచి తీసేశాడు. జట్టు ఆ వారం, ఆ తర్వాతి వారం గెలిచి, చివరి నాలుగూ ఓడింది. 1970లో పదింట తొమ్మిది ఓడిపోయాక ఈటన్ కోచ్ పదవి వదిలాడు. విశ్వవిద్యాలయం ఆ ఆటగాళ్లకు క్షమాపణ చెప్పింది 2019లో. రెండుచోట్లా ప్రతిభ ఉంది, రెండుచోట్లా ఉక్కు నియమాలున్నాయి. మిషిగన్‌లో నియమం ఆట మీద పడింది. వయోమింగ్‌లో ఆటగాడు ఏమనుకోవాలన్న దాని మీద పడింది. క్రమశిక్షణ గురించిన ప్రసంగాల్లో మొదటి జట్టు కథే వినిపించడంలో వింతేమీ లేదు.

షెంబెక్లర్, హేస్ జట్లు 1969 నుంచి 1978 దాకా ఏటా తలపడ్డాయి. పదింట మిషిగన్ అయిదు, ఒహాయో స్టేట్ నాలుగు గెలవగా ఒకటి సమమైంది. ఆ పదో ఏడాది చివర గేటర్ బౌల్ మ్యాచ్‌లో హేస్ ప్రత్యర్థి ఆటగాణ్ని అందరూ చూస్తుండగా పిడికిలితో గుద్దాడు. మర్నాడే ఉద్యోగం పోయింది. షెంబెక్లర్ 1990 జనవరి దాకా కొనసాగి, మిషిగన్‌లో 194 విజయాలు, 13 లీగ్ టైటిళ్లు సాధించాడు. 2006లో కన్నుమూశాడు.

ఆయన పేరు మీద నీడ పడింది చనిపోయిన చాలా ఏళ్లకు. 1966 నుంచి 2003 దాకా ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరుగా ఉన్న రాబర్ట్ ఆండర్సన్ వైద్య పరీక్షల నెపంతో ఆటగాళ్లను, విద్యార్థులను లైంగికంగా వేధించాడని ఎంతోమంది బయటపెట్టారు. షెంబెక్లర్‌కు అప్పుడే చెప్పామని, పట్టించుకోలేదని కొందరు మాజీ ఆటగాళ్లు, ఆయన పెంచిన కొడుకుల్లో ఒకరు 2021లో అన్నారు. తెలిసి ఉంటే ఊరుకునే మనిషి కాడని కుటుంబంలో మిగతావారు వాదించారు. 2022లో విశ్వవిద్యాలయం దాదాపు 1,050 మంది బాధితులకు 49 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కోచ్‌కు ఎంత తెలుసన్నది వివాదమే. ఫిర్యాదు చేయడమే బలహీనతగా చూసే లాకర్ గదిలో బాధితుల నోళ్లు దశాబ్దాలపాటు ఎందుకు మూసుకున్నాయో ఊహించడం కష్టం కాదు.

నియమాలు ఒక్కొక్కటిగా మారాయి. 1991 నుంచి సీజన్‌లో సాధన సమయాన్ని వారానికి 20 గంటలకు కుదించారు. నీళ్లు ఇవ్వకపోవడం ఇప్పుడు నేరంతో సమానం. అయినా 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ల ఆటగాడు సాధనలో వడదెబ్బ తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది చివర్లో కోచ్‌ను తొలగించారు. అసలు మలుపు మాత్రం 2021లో వచ్చింది. ఏడాది ఆగనక్కర్లేకుండా ఒకసారి జట్టు మారే హక్కు, సొంత పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు ఆటగాళ్లకు ఆ ఏడాదే దక్కాయి. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. 1969 వసంతంలో మానుకున్న కుర్రాడికి ఫుట్‌బాల్ దాదాపు అక్కడితో అయిపోయేది. ఇప్పుడు అతను అదే ఏడాది ప్రత్యర్థి జట్టులో కనిపించవచ్చు. అందుకే కొత్త కోచ్‌లు వచ్చిన మొదటి వారంలో చేసే పని, జట్టులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఉండమని అడగడం.