కోసు, మణుగు, మీటరు: పరామర్శ గ్రంథాలలో కొలమానాల ఎంపిక

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ఆవరణకు చేరువలో జియా సరాయ్ అనే ఇరుకైన పేట ఉన్నది. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతకు, వారిలోని తెలుగువారికి కూడా, ఇది పరిచితమైన పేరు. అక్కడి పుస్తకాల అంగళ్లలో దొరికే గ్రంథాలలో పొడవు మీటర్లలోను, బరువు కిలోగ్రాములలోను ఉంటుంది. కాని ఆ పేట పేరులోని 'సరాయ్' అనే మాట మీటరు పుట్టుకకు చాలా ముందుది. సరాయి అంటే బాటసారుల విడిది. 1540–45 మధ్య పాలించిన షేర్‌షా తన రహదారులపై రెండేసి కోసుల దూరానికి ఒక సరాయి కట్టించినట్లు అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. అంటే సరాయి విడిది మాత్రమే కాదు, దూరానికి గుర్తు కూడా.

ఆ రెండు కోసులను నేటి గ్రంథకర్త ఎన్ని కిలోమీటర్లని రాయాలి? ఐన్-ఇ-అక్బరీ లెక్క ప్రకారం కోసుకు 5,000 ఇలాహీ గజాలు. ఆ గజం 32 అంగుళాలనుకుంటే కోసు 4,064 మీటర్లవుతుంది; 19వ శతాబ్దిలో బ్రిటిష్ అధికారులు భూమి కొలతకు నిర్ణయించిన 33 అంగుళాలను తీసుకుంటే 4,191 మీటర్లు. తెలుగునాట కోసంటే వాడుకలో రెండు మైళ్లకు అటూ ఇటూ, అంటే సుమారు 3.2 కిలోమీటర్లు. మాట ఒకటే అయినా కొలత దేశకాలాలను బట్టి మారింది. మూలంలోని కోసును చెరిపివేసి కిలోమీటర్లను మాత్రమే నిలిపిన గ్రంథం, తాను ఏ కోసును ఎంచుకున్నదో పాఠకునికి తెలియనివ్వదు.

ఈ గందరగోళాన్ని తొలగించడానికే స్వతంత్ర భారతం మెట్రిక్ పద్ధతిని స్వీకరించింది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు చెలామణిలోకి వచ్చాయి. 1958 అక్టోబరులో మెట్రిక్ తూకాలు మొదలై, 1962 ఏప్రిల్ నాటికి తప్పనిసరి అయ్యాయి. సంతలో మోసపోయే రైతుకు, ఒక జిల్లా తూకం మరొక జిల్లాలో చెల్లక అవస్థపడే వర్తకునికి ఆ సంస్కరణ చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయితే చట్టం సరిదిద్దినది నాటి నుండి జరగబోయే వ్యవహారాన్ని. అంతకు ముందు రాసిన దస్తావేజులు, శిస్తు లెక్కలు, ధరల పట్టికలు పాత కొలతలలోనే నిలిచి ఉన్నాయి. వాటిని చదివి చెప్పే బాధ్యత నిఘంటుకర్తలది, విజ్ఞాన సర్వస్వ రచయితలది.

ఆ బాధ్యత ఎంత సున్నితమైనదో మణుగు చెబుతుంది. తెలుగు జిల్లాలలో వీసెకు 120 తులాలు, మణుగుకు 8 వీసెలు. తులం 11.66 గ్రాములు కనుక మణుగు సుమారు 11.2 కిలోలు. ఉత్తరాదిన ప్రామాణికమైన మణుగుకు 40 సేర్లు, సేరుకు 80 తులాలు, అది 37.3 కిలోలు. ఉత్తరాది గ్రంథంలోని పట్టికను చూసి తెలుగు జిల్లాల పాత లెక్కలను మార్చే రచయిత, రైతు పండించిన పంటను మూడింతలకు పైగా పెంచివేస్తాడు. దానిపై ఆధారపడి శిస్తు భారాన్ని అంచనా వేసే చరిత్రకారునికి కరువు కాలం సైతం కలిమి కాలంగా కనిపించవచ్చు. భూమి విషయమూ ఇంతే. ఢిల్లీ రెవెన్యూ లెక్కలలో ఎకరానికి 4.8 బీఘాలు, ఉత్తర ప్రదేశ్ పక్కా బీఘా ఎకరంలో ఎనిమిదింట ఐదు వంతులు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, కోస్తాలో 100 సెంట్లు.

పాత కొలతలు గతానికే పరిమితం కాలేదు. 1969లో ఏర్పడిన కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్, చట్టం వచ్చి పుష్కరకాలం దాటిన తరువాత కూడా, నీటిని టి.ఎం.సి.లలోనే పంచింది. టి.ఎం.సి. అంటే శతకోటి ఘనపుటడుగులు. జస్టిస్ బచావత్ అధ్యక్షతన వెలువడిన ఆ తీర్పు 75 శాతం విశ్వసనీయతతో 2,060 టి.ఎం.సి.లను లెక్కగట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. పునర్వినియోగ జలాలతో కలిపి ఆ వాటా 811గా లెక్కకు వచ్చింది. రాష్ట్ర విభజన జరిగిన మరుసటి సంవత్సరం, 2015లో, తాత్కాలిక ఏర్పాటుగా దానిని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకున్నారు.

ఒక టి.ఎం.సి. 2.83 కోట్ల ఘనపు మీటర్లకు కొంచెం ఎక్కువ. సౌలభ్యం కోసం దానిని 2.8 కోట్లని రాస్తే, 811 టి.ఎం.సి.ల లెక్కలో తొమ్మిది టి.ఎం.సి.లకు పైగా మాయమవుతాయి. కాగితం మీద అది దశాంశ స్థానపు పొరపాటు. ఆయకట్టు రైతుకు అది నీరు. న్యాయస్థానంలో చెల్లేది తీర్పులోని సంఖ్య. గ్రంథకర్త దానిని యథాతథంగా ఇచ్చి, మెట్రిక్ విలువను వివరణగా జోడించడమే న్యాయం.

అవసరానికి మించిన సూక్ష్మత కూడా దోషమే. జియా సరాయ్‌కు దక్షిణాన ఉన్న కుతుబ్ మీనార్ ఎత్తు 238 అడుగులని పాత గ్రంథాలు చెబుతాయి. దానిని 72.5 మీటర్లనడం ఉచితం. 72.5424 అనడం గణితరీత్యా ఒప్పే అయినా, అడుగుకు లోబడిన భాగాన్ని లెక్కించని కొలతకు మిల్లీమీటరులో వంతును అంటగట్టడమవుతుంది.

కాబట్టి మన పరామర్శ గ్రంథాలకు ఒక నియమం అవసరం. మూలం ఏ కొలతలో ఉన్నదో ఆ కొలతను మొదట చెప్పాలి. అది ఏ ప్రాంతానిదో, ఏ కాలానిదో గుర్తించాలి. ఆ వెంటనే మెట్రిక్ విలువను, మూలానికి ఉన్నంత సూక్ష్మతతోనే ఇవ్వాలి. మొదటి నుండి మెట్రిక్‌లోనే కొలిచిన వాటికి పాత కొలతల అలంకారం అక్కరలేదు. మెట్రిక్ విలువ లేని గ్రంథం నేటి విద్యార్థికి అర్థం కాదు. మూలపు కొలత లేని గ్రంథాన్ని రేపటి పరిశోధకుడు సరిచూడలేడు. ఈ ఇద్దరికీ జవాబుదారీగా ఉండడమే పరామర్శ గ్రంథ రచనకు గీటురాయి.