స్వర్ణయుగంలో చెక్క చప్పుడు

గుప్తుల కాలంలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడెవరు? ఫాహియాన్. ఎవరి పాలనలో? రెండో చంద్రగుప్తుడి పాలనలో. ఆ కాలానికున్న పేరేమిటి? స్వర్ణయుగం. పోటీ పరీక్షలకు చదివిన ప్రతివాడికీ ఈ మూడు బిట్లూ నోటికొచ్చు. మేమూ బట్టీ పట్టినవాళ్ళమే. మా ఇళ్ళల్లో మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు కాబట్టి గైడులో ఉన్నదే చరిత్ర అనుకున్నాం. ఫాహియాన్ రాసినదాన్ని పూర్తిగా చదివింది యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చాకనే.

చదివితే మొదట తెలిసేదేమంటే, ఆయన ఏ రాజు పేరూ రాయలేదు. క్రీ.శ. 399లో చైనా నుంచి బయలుదేరిన ఈ భిక్షువుకు కావలసింది వినయ గ్రంథాలు, బౌద్ధ క్షేత్రాలు. రాజులతో ఆయనకు పనిలేదు. చంద్రగుప్తుడి పేరు తర్వాతి చరిత్రకారులు కాలాన్ని లెక్కగట్టి చేర్చారు. లెక్క తప్పని మేం అనడం లేదు. కానీ ఆ రాజుకు ఆయన సర్టిఫికెట్ ఇచ్చినట్టు రాయడం మాత్రం చరిత్రకారుల పనే.

ఇంక అసలు సంగతికొద్దాం. మధుర దాటి దక్షిణానికి వచ్చాక మధ్యదేశం గురించి ఆయన ఒక పేరా రాశాడు. ప్రజలు సుఖంగా ఉన్నారు, ఇళ్ళ లెక్కలు లేవు, రాజుగారి భూమి దున్నేవాళ్ళే పంటలో వాటా కడతారు, ఉండాలంటే ఉంటారు, పోవాలంటే పోతారు, నేరానికి జుర్మానాతో సరిపెడతారు. పాఠ్యపుస్తకాలు ఇక్కడిదాకా ఎత్తి రాసుకుంటాయి. అదే పేరా ఇంకా ఉంది. దేశంలో ఎవరూ ప్రాణిని చంపరు, కల్లు తాగరు, ఉల్లి వెల్లుల్లి తినరు, ఒక్క చండాలురు తప్ప. చండాలురంటే చెడ్డవాళ్ళట. వాళ్ళు వేరుగా కాపురముంటారు. పట్నంలోకో బజారులోకో వస్తే చెక్కను కొట్టుకుంటూ రావాలి. ఆ చప్పుడు విని జనం తప్పుకుంటారు, వాళ్ళను తాకకుండా.

పరీక్షలో ఈ సగం ఎప్పుడూ అడగరు. అడిగినా సాంఘిక పరిస్థితులు అన్న శీర్షిక కింద ఒక వాక్యం. పైన ఉన్న సుఖానికీ కింద ఉన్న చెక్కకీ సంబంధమే లేనట్టు.

మరో మాట కూడా ఉంది అక్కడ. వేటగాళ్ళూ చేపలు పట్టేవాళ్ళూ అయిన చండాలురే మాంసం అమ్ముతారంటాడు. సరే, దేశంలో ఎవ్వరూ మాంసం ముట్టకపోతే వీళ్ళు అమ్మింది ఎవరికి? కొనేవాడు లేకుండా అంగడి ఉండదు గదా! చెక్క చప్పుడు బజారులో వినపడిందంటే, పట్నానికి వాళ్ళతో పని పడుతూనే ఉందన్నమాట. వాళ్ళు తెచ్చిన సరుకు కావాలి, వాళ్ళ నీడ వద్దు. ఆ బజారులో లావాదేవీలకు గవ్వలు వాడేవారని కూడా ఆయనే రాశాడు. బంగారు దీనారాలు ముద్రించిన కాలమది!

ఫాహియాన్‌ను కూడా మనం వదిలిపెట్టనక్కర్లేదు. బౌద్ధ భిక్షువే అయినా, చెడ్డవాళ్ళు అన్న అర్థాన్ని అలాగే రాసుకుపోయాడు. చెక్క కొట్టేవాణ్ణి ఆపి నువ్వెవరివని అడిగినట్టు ఎక్కడా లేదు.

చెక్క ఫాహియాన్ కాలంలో కొత్తగా పుట్టిన ఆచారమూ కాదు, వట్టి అలవాటూ కాదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు ఊరి బయట ఉండాలంటుంది, పగిలిన కుండల్లో తినాలంటుంది, శవాల మీది బట్ట కట్టాలంటుంది. రాత్రిళ్ళు ఊళ్ళో తిరగరాదు, పగలు వస్తే రాజాజ్ఞ ప్రకారం గుర్తులు పెట్టుకుని రావాలి.

ఇంత సాక్ష్యం చేతిలో ఉన్నా బాబాసాహెబ్ అంబేడ్కర్ తొందరపడలేదు. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో అంటరానితనం ఎప్పుడు పుట్టిందని వెతుకుతూ, ఫాహియాన్ మాట ఒక్కటే చాలదన్నాడు. చండాలుడి మీద బ్రాహ్మణులకు పాత పగ ఉంది, ఆ ఒక్కరి మీది ద్వేషాన్ని చూపి అంటరానితనం మొత్తాన్ని రుజువు చెయ్యలేమన్నాడు. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్ దగ్గరికి పోయాడు. కసాయివాళ్ళు, జాలరులు, ఆటపాటలవాళ్ళు, తలారులు, పాకీవాళ్ళు ఊరి బయట ఇళ్ళకు గుర్తులు పెట్టుకుని బతకడం అక్కడ ఉంది. బౌద్ధానికీ బ్రాహ్మణానికీ జరిగిన పోరులో సుమారు క్రీ.శ. 400 నాటికి అంటరానితనం పుట్టిందని తేల్చాడు. ఈ తేదీతో ఒప్పుకోని పరిశోధకులున్నారు. మాకు ఆయన పద్ధతి ముఖ్యం. తనకు అనుకూలించే సాక్ష్యాన్ని కూడా అడ్డుపెట్టి ప్రశ్నించాడాయన. స్వర్ణయుగం రాసినవాళ్ళు ఆ పని చెయ్యలేదు.

ఆ పేరు మాత్రం చావలేదు. 1872లో ఇంగ్లీషువాళ్ళు జనాభా లెక్కలు తీస్తే తూర్పు బెంగాల్ చిత్తడి నేలల్లో వరి పండించుకునే, పడవలు నడుపుకునే ఒక పెద్ద జనాన్ని చండాల్ అని రాసుకున్నారు. ఫాహియాన్ చూసినవాళ్ళ వారసులే వీళ్ళని మేం అనడం లేదు. పేరు అదే. ఫరీద్‌పూర్, బాకర్‌గంజ్ ప్రాంతాల్లో (ఇప్పుడవి బంగ్లాదేశ్‌లో ఉన్నాయి) ఒక పెద్ద తన తండ్రి దినం భోజనానికి పై కులాలను పిలిస్తే వాళ్ళు రామన్నారు. 1872-73లో కూలినాలీ అంతా ఆపేశారు. పొలాలు దున్నలేదు, ఇళ్ళు కప్పలేదు, ఆడవాళ్ళు సంతకు పోలేదు. జైళ్ళలో తమవాళ్ళ చేత పాకీ పని చేయించడం కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఉంది. కూలి మీదే బతికేవాళ్ళు ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటారు? కొన్ని నెలలకు సమ్మె చెదిరిపోయింది. పేరు మీద పోరు ఆగలేదు. 1911 లెక్కల నాటికి చండాల్ పోయి నమశూద్ర నిలిచింది. 1946లో అంబేడ్కర్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపడానికి పాటుపడిన జోగేంద్రనాథ్ మండల్ ఆ జనంలోంచి వచ్చినవాడే.

జనాభా లెక్కల్లోంచి పోయిన ఆ మాట తెలుగులో మాత్రం పోలేదు. హైస్కూల్లో గుప్త యుగం మీద మేం రాసిన జవాబు పక్కన ఒక మాస్టారు ఎర్ర సిరాతో 'చండాలంగా ఉంది' అని రాశారు. దస్తూరి గురించి ఆయన అన్నమాట అది, కులం గురించి కాదు. సినిమా బాగాలేకపోతే చండాలం, రోడ్డు బాగాలేకపోతే చండాలం. మా వాడల్లో కూర మాడినా అదే మాట. మొన్నమొన్నటిదాకా మేమూ అన్నాం.