ప్రోగ్రామింగ్ పాఠాన్ని బజారుకు వదిలిన రాజ్యం

మన రాజకీయాల్లో కంప్యూటర్‌పై జరిగిన వాదమంతా యంత్రం చుట్టూనే తిరిగింది. 1960వ దశకంలో కలకత్తా జీవిత బీమా ఉద్యోగులు దాన్ని అడ్డుకున్నారు. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఇష్టపడని ఐబీఎం 1978లో దేశం విడిచింది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం దిగుమతుల నిబంధనలను సడలించింది. ఆ యంత్రానికి పని చెప్పే విద్య ఎవరికి, ఎవరి ఖర్చుతో అందాలన్న ప్రశ్నకు ఈ వాదాల్లో దక్కిన చోటు స్వల్పం.

నేర్పడం ప్రభుత్వ సంస్థలకు చేతకాక కాదు. 1963లో ఐబీఎం 1620 యంత్రం వచ్చాక కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఫోర్ట్రాన్ బోధించారు. బయటివారికీ స్వల్పకాలిక శిక్షణ ఇచ్చారు. కార్డులకు రంధ్రాలు పొడిచి, కట్టగా అప్పగించి, ఫలితం కోసం కాచుకోవలసిన కాలమది. అక్కడి ఆచార్యుడు వి. రాజారామన్ 1969లో ప్రోగ్రామింగ్‌పై రాసిన పుస్తకం ఎన్నో కళాశాలలకు చేరింది. కానీ ఆ ద్వారం ఎంతమందికి తెరుచుకుంటుంది?

1984-85లో ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వచ్చాయి. వాటి లక్ష్యం కంప్యూటర్ అక్షరాస్యతే, వృత్తివిద్య కాదు. అప్పటికే, 1981లో, ఎన్‌ఐఐటీ పుట్టింది. 1986లో ఆప్టెక్ వచ్చింది. 1990 నాటి డోయాక్ పథకంతో ప్రభుత్వం చేసిందేమిటి? ప్రైవేటు సంస్థల కోర్సులకు గుర్తింపునిచ్చి, పరీక్ష పెట్టడం. పాఠం చెప్పే పనిని బజారుకు అప్పగించి, తాను పరీక్షాధికారి కుర్చీలో కూర్చుంది.

ఆ ఖాళీలోనే హైదరాబాద్ అమీర్‌పేట ఎదిగింది. 2000 సంవత్సరపు తేదీల సమస్యకు కోబాల్, డెస్క్‌టాప్ అప్లికేషన్లకు విజువల్ బేసిక్, వెబ్‌కు జావా, డాట్‌నెట్: కంపెనీలు ఏది అడిగితే బోర్డుపై అదే పేరు వెలిసింది. మైత్రీవనం పరిసరాల్లో తెల్లవారకముందే తరగతులు, పక్కనే హాస్టళ్లు, నోట్సు అమ్మే జిరాక్సు దుకాణాలు. తెలుగు కలిసిన ఇంగ్లీషులో పాఠం. గ్రామీణ కళాశాలల నుంచి వచ్చినవారికి ఆ భాషే ధైర్యం. దొంగ అనుభవ ధ్రువపత్రాల వ్యాపారమూ అక్కడే సాగిందన్నది నిజం. అయినా ఆ వీధిని ఎగతాళి చేసే పెద్దలతో నేను గొంతు కలపలేను. కళాశాల నాలుగేళ్లలో అలవరచని పనితనం కోసమే గదా ఆ పిల్లలు అక్కడికి వచ్చింది!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలకు ఖజానా నుంచి రుసుము అందింది. అమీర్‌పేట రుసుమును మాత్రం కుటుంబమే కట్టుకుంది.