డీజిల్ ఎక్స్‌కవేటర్ ఇంజన్: ఇన్‌టేక్ వాల్వ్ లోపాలను గుర్తించడం

సిలిండర్‌లోకి గాలిని వదిలి, ఆ వెంటనే దారి మూసేసే కవాటం ఇన్‌టేక్ వాల్వ్. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. వాల్వ్ సరిగా మూసుకోకపోతే ఆ వేడి పుట్టదు. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ ఎంతకీ తగ్గదు, బకెట్ నిండగానే ఇంజన్ దిగిపోతుంది, ఐడిల్‌లో మిస్ కొడుతుంది. ఇవి చూడగానే చాలా షెడ్లలో ముందు డీజిల్ పంపు మీద చెయ్యి వేస్తారు. అది తొందరపాటు.

చెవి పెట్టాల్సింది ఎయిర్ క్లీనర్ వైపు. ఎగ్జాస్ట్ వాల్వ్ లీకైతే సైలెన్సర్‌లో చప్పుడు వస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్ లీకైతే గాలి వచ్చిన దారినే వెనక్కి తన్నుతుంది, పైపులో టప్ టప్‌మని వినిపిస్తుంది. ఆ చప్పుడుకు లయ ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ 450 సార్లు పేలుతుంది కాబట్టి, పాడైన ఒక్క వాల్వ్ కూడా అదే వరసలో తన్నుతుంది. లయ లేకుండా అన్ని సిలిండర్లలోనూ బలం తగ్గితే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపులు, డీజిల్ ఫిల్టర్ చూసుకోవాలి.

పాత మెకానికల్ పంపు ఇంజన్లలో ఇంజెక్టర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి, ఏ సిలిండర్ దగ్గర వేగం తగ్గలేదో చూస్తారు. తగ్గనిదే పనిచేయని సిలిండర్. కామన్ రైల్ ఇంజన్‌లో మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకూడదు. అక్కడి పీడనానికి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. దానికి స్కానర్‌తోనే సిలిండర్ కట్ పరీక్ష చేయాలి.

ఆ తర్వాత ట్యాపెట్లు. మన దేశంలోనూ ఎన్నో యంత్రాల్లో నడిచిన కమిన్స్ 6బీటీ 5.9 లీటర్ల ఇంజన్‌నే తీసుకుంటే, చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ సందు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ సందు 0.51. ఎగ్జాస్ట్ వాల్వ్ ఎక్కువ వేడెక్కి సాగుతుంది కనుక దానికి పెద్ద సందు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్యాపెట్ చప్పుడు చేస్తే కంగారు పడతారు, నిశ్శబ్దంగా ఉంటే సంతోషిస్తారు. నిజానికి సీటు అరిగి వాల్వ్ హెడ్‌లోకి దిగుతున్నప్పుడు సందు తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోలేక లీకవుతుంది. ఫీలర్ గేజ్ బ్లేడు దూరకపోతే అనుమానించాల్సింది ఆ సీటునే.

అసలు తీర్పు చెప్పేది గాలి పరీక్ష. ఇంజెక్టర్ తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ చివర పై కొసకు తెచ్చి, క్రాంక్ కదలకుండా బిగించి, ఆ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి పంపుతారు. క్రాంక్ బిగించకపోతే గాలి పిస్టన్‌ను కిందికి తోసి ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, చేతులు జాగ్రత్త. గాలి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో బుసకొడితే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ లేదా పగులు. ఆయిల్ మూత దగ్గర కాస్త శబ్దం మామూలే, రింగుల సందుల్లోంచి కొంత గాలి ఎప్పుడూ పోతుంది. సీటు మీద మసి పెళ్ళ ఇరుక్కున్నా లీకు కనిపిస్తుంది కాబట్టి, వాల్వ్ కాడ మీద మెత్తని సుత్తితో మెల్లగా తట్టి మళ్ళీ చూడాలి.

కంప్రెషన్ తక్కువగా ఉండి, గాలి పరీక్షలో మాత్రం లీకు లేకపోతే? అప్పుడు వాల్వ్ మూసుకోవడం కాదు, తెరుచుకోవడం చూడాలి. పుష్ రాడ్ వంగినా, క్యామ్ మొన అరిగినా సిలిండర్‌కు చాలినంత గాలి అందదు. వాల్వ్ కవర్ తీసి ఇంజన్ తిప్పుతూ రాకర్ల ఎత్తు పోల్చితే తేడా కంటికే తెలుస్తుంది.

కారణాల్లో మొదటిది దుమ్ము. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లాంటి చోట్ల ఫిల్టర్ రబ్బరు చిన్నగా చిరిగినా రాతిపొడి నేరుగా సీట్లను, రింగులను అరగదీస్తుంది. వాల్వ్ సీల్ నుంచి జారిన ఆయిల్ కాడ మీద మసిగా గట్టిపడి వాల్వ్‌ను ఇరికించడం రెండోది.

హెడ్ దింపాక పోర్టులో కిరోసిన్ పోసి కారుతుందో లేదో చూస్తారు. గైడ్ ఊగిసలాడుతుంటే సీటు ఎంత బాగా లాపింగ్ చేసినా నిలవదు. ముందు గైడ్ మార్చి, ఆ తర్వాతే సీటు ముట్టుకోవాలి.