జడ్చర్ల–కోదాడ రహదారి: కూడళ్ళు, నీరు, వలస

తెలంగాణ పటాన్ని ముందుంచుకొని ఈ భాగాన్ని చదవండి. నిజాం కాలం నుంచి ఈ ప్రాంతపు ప్రధాన మార్గాలు ఎక్కువగా హైదరాబాదు నుంచి చక్రపు ఆకుల్లా బయటికి సాగాయి. జడ్చర్ల–కోదాడ రహదారి అలాంటిది కాదు. రాజధానిని తాకకుండా, పాలమూరు మెట్టనూ నల్లగొండ మాగాణినీ అడ్డంగా కలుపుతుంది. చాలాకాలం రాష్ట్ర రహదారిగా ఉన్న ఈ మార్గం ప్రస్తుతం 167వ జాతీయ రహదారిలో భాగం.

జడ్చర్లలో ఇది బెంగుళూరు రహదారి నుంచి విడిపోతుంది. మిడ్జిల్ దాటి కల్వకుర్తి సమీపంలో శ్రీశైలం రోడ్డును, దేవరకొండ దాటాక కొండమల్లేపల్లిలో నాగార్జునసాగర్ రోడ్డును కలుస్తుంది. హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడ చేరి విజయవాడ రహదారిలో కలుస్తుంది.

వీటిలో కొండమల్లేపల్లిని ప్రత్యేకంగా గమనించాలి. దేవరకొండ రేచర్ల పద్మనాయకుల కోట ఉన్న పాత పట్టణం. అయినా హైదరాబాదు–సాగర్ రోడ్డు దానిని కొద్ది దూరంలో వదిలి మల్లేపల్లి మీదుగా పోయింది. పూర్వం కొండ, కోట ఊరికి బలం. బస్సుల కాలంలో ఆ బలం చౌరస్తాకు వచ్చింది. 2016లో కొండమల్లేపల్లి మండల కేంద్రమైంది.

రహదారి రెండు కొనల మధ్య తేడాకు ముఖ్య కారణం నీరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ కింద హాలియా, మిర్యాలగూడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి, మిర్యాలగూడ రైసుమిల్లులకు పేరుపొందింది. కల్వకుర్తి వైపు భూములు మాత్రం దశాబ్దాలపాటు వానమీదే ఆధారపడ్డాయి. కృష్ణ దగ్గరే ఉన్నా మెట్ట ఎత్తులో ఉంది. ఎత్తిపోతల పథకం వచ్చేదాకా అక్కడికి కాలువ నీరు రాలేదు.

సాగర్ రాతికట్టడపు ఆనకట్ట. యంత్రాలకంటే మనుషుల చేతులే ఎక్కువ కావలసి వచ్చాయి. ఆ చేతుల్లో పాలమూరు కూలీలవీ ఉన్నాయి. గుంపుమేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లాపాపలతో దేశంలోని అనేక ప్రాజెక్టులకు వలసపోయినవారు వీరు. తాము రాళ్ళు మోసిన ఆనకట్ట నీరు వారి సొంత చేలకు పారలేదు. ప్రాజెక్టుల చరిత్రను ఎకరాల లెక్కల్లో మాత్రమే చదివితే ఈ సంగతి కనిపించదు.

విద్యార్థులకు ఒక సూచన. 2016 పునర్విభజన తరువాత ఈ రహదారి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ, సూర్యాపేట జిల్లాలలో ఉంది. అంతకుముందటి జనాభా లెక్కలు, గెజిటీర్లు చూసేటప్పుడు కల్వకుర్తి వివరాలను మహబూబ్‌నగర్ కింద, కోదాడ వివరాలను నల్లగొండ కింద వెతకాలి.